ఆమె ఎందుకు వెళ్లిందో ఎవర్ని అడిగారు?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఏం ఇబ్బంది లేదు, అంతసేపు నిలబడితే కాళ్లు లాగుతాయి.

జెండర్ స్టడీస్ చదివి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ, ఇంకోపక్క వలస వెళ్లిన ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేయడం ఎలా ఉంటుందో చెప్పమని మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు పిలిచారు. ఉద్యోగాల సంగతీ జీతాల సంగతీ కూడా చెప్తాను, ఏదీ దాచను. కాకపోతే ముందు మేం చేసే పని ఏంటో తెలిస్తేనే ఈ కెరీర్ ఎందుకు ఇలా ఉంటుందో మీకు అర్థమవుతుంది.

జనాభా లెక్కల ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. అంతకుముందున్న ఊరు వదిలి ఇక్కడికి ఎందుకొచ్చారు అని. జవాబులు ముందే ఇచ్చేసి ఉంటారు: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక తరలి రావడం, కుటుంబంతో పాటు రావడం, ఇతరాలు. వాటిలో ఒక్కటే ఎంచుకోవాలి. 2020-21లో కేంద్రం చేసిన పీఎల్ఎఫ్ఎస్, అంటే ఎవరు ఏం పనిచేస్తున్నారో లెక్కలు తీసే సర్వేలో కూడా వలసకు ప్రధాన కారణం ఏదో ఒక్కటే రాసుకున్నారు. ఆ సర్వే ప్రకారం మన దేశంలో ఆడవాళ్లలో 47.9 శాతం మంది వలస వచ్చినవాళ్లు, మగవాళ్లలో 10.7 శాతం. అంటే ఊరు మారేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మరి వాళ్లు ఎందుకు మారారు అంటే 86.8 శాతం మందికి పెళ్లి అని రాశారు.

ఇప్పుడు పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చిన ఒక జంటను తీసుకోండి. ఇద్దరూ ఒకే మేస్త్రీ కింద, ఒకే బిల్డింగ్ దగ్గర పనిచేస్తున్నారు. ఆయన గోడ కడతాడు, ఆమె ఇటుకలూ మాలూ మోస్తుంది. సర్వే వాళ్లు వచ్చి గుడిసె ముందు నిలబడి ఆయన్ని అడుగుతారు. ఆయన వలసకు కారణం పని. ఆమె సంగతేంటి అంటే, ‘నాతోపాటు వచ్చింది సార్’ అంటాడు. అంతే, రాసేసుకుని వెళ్లిపోతారు. ఆయన అబద్ధం చెప్పలేదు, రాసుకున్నవాళ్లు రూలు తప్పలేదు, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నెత్తిన బరువు మోసిన మనిషి పని కోసం వలస వచ్చినవాళ్ల లెక్కలో లేకుండా పోయింది. ఆమె పనిచేస్తోందా లేదా అన్న ప్రశ్న అదే సర్వేలో వేరే చోట ఉంటుంది, నిజమే. కానీ వలస కార్మికులకు హాస్టళ్లు కట్టాలన్నా, క్రెష్ పెట్టాలన్నా, రేషన్ ఇవ్వాలన్నా ఆఫీసులో ముందుగా తీసి చూసేది ‘కారణం’ అన్న పట్టికే. అందులో ఆమె లేదు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులు ఉన్నాయి కదా, వాటి నుంచి ప్రసూతి సాయం లాంటివి రావాలంటే ముందు బోర్డులో పేరు నమోదు కావాలి, నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. మేస్త్రీ నోటుబుక్కులో ఉన్నది మొగుడి పేరు. ఆమె 90 రోజులు ఎక్కడ చూపిస్తుంది చెప్పండి?

ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. బ్రిటన్ జనాభా లెక్కలు చూసి రావెన్‌స్టీన్ అనే ఆయన 1885లోనే రాశాడు, దగ్గరి దూరాలకు వలస వెళ్లేవాళ్లలో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ అని. ఆ తర్వాత దాదాపు వందేళ్లు వలస మీద వచ్చిన చదువంతా మగ కార్మికుడి చుట్టూనే తిరిగింది, ఆడవాళ్లు అతని వెనక వచ్చే కుటుంబం. మిర్యానా మొరొక్వాసిచ్ లాంటి సోషియాలజిస్టులు 1980ల్లో గట్టిగా అడిగితే గానీ మళ్లీ అటువైపు చూడలేదు.

మనవైపు నుంచి దీనికి ఇంకా మంచి ఉదాహరణ ఉంది, నేను ఈ సబ్జెక్టులోకి రావడానికి కూడా అదే కారణం. నరసాపురం. అక్కడి లేసు అల్లికల మీద మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు 1970ల చివర్లో వచ్చి పరిశోధన చేశారు, 1982లో అది పుస్తకంగా వచ్చింది. ఇళ్లలో కూర్చుని ఆడవాళ్లు అల్లిన లేసు విదేశాలకు వెళ్తోంది, డాలర్లు వస్తున్నాయి, ఎగుమతి వ్యాపారం మగవాళ్ల చేతిలో ఉంది, అల్లిన మనిషికి వచ్చేది పొలం కూలి కంటే తక్కువ. ఎందుకంత తక్కువ అంటే, వాళ్లు గృహిణులండీ, ఖాళీ టైములో ఏదో అల్లుకుంటారు అని జవాబు. ఆ ఖాళీ టైము రోజుకు ఆరేడు గంటలు. ఇంటిపని, వంట, పిల్లలు, అవి దానికి అదనం. ఇంట్లో కూర్చుని చేస్తోంది కాబట్టి అది పని కాదు, పని కాదు కాబట్టి కూలి అడగక్కర్లేదు, అడిగేందుకు సంఘమూ ఉండదు. నేను ఎం.ఏ.లో ఆ పుస్తకం చదివి చాలారోజులు నిద్రపోలేదు. మా బంధువుల ఇళ్లలో అరుగుల మీద చూసిన క్రోషా సూదులన్నీ కళ్లముందు తిరిగాయి.

అదే గోదావరి జిల్లాల నుంచి, ఇటు నరసాపురం, పాలకొల్లు, అటు రాజోలు, అమలాపురం, ఇంకోపక్క రాయలసీమలో రాజంపేట, రాయచోటి, కోడూరు నుంచి ఆడవాళ్లు కువైట్‌కి ఇంటిపనికి వెళ్తున్నారు. ఉత్తర తెలంగాణలో, జగిత్యాల, నిజామాబాద్ వైపు, గల్ఫ్ అంటే మగవాళ్ల వలస. కోనసీమలో, కడప వైపు గల్ఫ్ అంటే ఇంట్లో అమ్మ. ఇక్కడ ఇంకో తేడా కూడా గమనించండి. జగిత్యాల నుంచి తండ్రి దుబాయ్ పోతే ‘పాపం, పిల్లల కోసం కష్టపడుతున్నాడు’ అంటారు. రాజోలు నుంచి తల్లి పోతే మొదటి ప్రశ్న ‘మరి పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?’ ఆ ప్రశ్న అడగాల్సిందే, నేను కాదనను. ఆమె ఇంకొకరి పిల్లల్ని చూడ్డానికి వెళ్తే ఆమె పిల్లల్ని అమ్మమ్మ చూస్తుంది, అమ్మమ్మకు చేతకాకపోతే పెద్దకూతురు బడి మానేస్తుంది. అమెరికన్ సోషియాలజిస్టు హాక్‌షీల్డ్ 2000లో ఈ గొలుసు గురించే రాశారు. కానీ తండ్రి వెళ్లినప్పుడు కూడా అదే ప్రశ్న అడగండి. అప్పుడు గానీ పిల్లల్ని చూడ్డం ఒక పని అని, దాన్ని ఎవరో ఒకరు చేస్తున్నారని బయటపడదు.

రాజంపేట దగ్గర ఒక ఊళ్లో ఒకావిడ నాకు తన కాగితాలు చూపించింది. బీరువాలో చీరల కింద ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్ట్ జిరాక్సు, గడువు తీరిపోయిన బతాకా, అంటే కువైట్ వాళ్లిచ్చే సివిల్ ఐడీ కార్డు, 20 నంబరు వీసా కాగితం, నాలుగు మడతలు పెట్టిన కాంట్రాక్టు. కాంట్రాక్టు కుడివైపు అరబ్బీ, ఎడమవైపు ఇంగ్లీషు. ఆవిడకు ఏడో తరగతి వరకూ తెలుగు వచ్చు. జీతం దగ్గర అంకె మాత్రం పెన్నుతో రాసి ఉంది, మిగతా అంతా అచ్చు. కింద సంతకం ఆవిడదే. ఏజెంటు ఏం చెప్పాడమ్మా అని అడిగితే, ‘వంటపని ఒకటే అని చెప్పినాడు మేడం, పోయినాక చూస్తే మూడంతస్తుల ఇల్లు’ అంది. వారానికి ఒకరోజు సెలవు అని ఆ కాగితంలోనే ఉంది, నేను చదివి చెప్పేదాకా ఆవిడకు తెలీదు. అడిగావా ఎప్పుడైనా అంటే ఆవిడ చెప్పిన మాట ఇది: ‘మేడం మంచిదే, ఇంట్లో మనిషి లెక్క చూసుకునింది. అందుకే అడగలేకపోయినా.’

ఈ మాట నేను చాలా ఊళ్లలో విన్నాను. కొట్టిన ఇళ్ల గురించి, తిండి పెట్టని ఇళ్ల గురించి పేపర్లో వస్తుంది, రావాలి కూడా. కానీ మంచి ఇంట్లో పనిచేసినావిడ కూడా సెలవు లేకుండా, గంటల లెక్క లేకుండా ఏళ్లకేళ్లు ఎందుకు పనిచేసింది? ఇంట్లో మనిషికి డ్యూటీ టైమింగ్స్ ఉండవు కాబట్టి. నరసాపురంలో లేసు అల్లినావిడకు ఏం జరిగిందో కువైట్‌లో అంట్లు తోమినావిడకు అదే జరిగింది.

చట్టాలు కూడా ఈ దారిలోనే నడిచాయి. కువైట్ 2010లో కొత్త లేబర్ చట్టం తెచ్చుకుంది, అందులో ఇంటిపని వాళ్లను కలపలేదు. 2015లో వాళ్ల కోసం విడిగా 68వ నంబరు చట్టం తెచ్చారు. గల్ఫ్‌లో అప్పటికి అది మంచి చట్టమే: రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు, అప్పటి రేటులో మన 13 వేల రూపాయల చిల్లర. రాసుకోవడం బాగానే రాసుకున్నారు. అమలయ్యేది ఎక్కడ? ఇంటి గోడల మధ్య. ఫ్యాక్టరీకి వెళ్లినట్టు ఇన్‌స్పెక్టర్ ఇంట్లోకి వెళ్లి తనిఖీ చేయలేడు. పైగా ఆమె ఆ దేశంలో ఉండాలంటే ఆకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్, యజమాని పేరు మీదే ఉండాలి. ఇంట్లోంచి బయటికొచ్చిన రోజే ఆ యజమాని, అదే సేటు, ఆమె పారిపోయిందని కేసు పెట్టొచ్చు. అప్పటినుంచి ఆమె ఫిర్యాదు చేసే మనిషి కాదు, పోలీసులు వెతికే మనిషి.

మన ప్రభుత్వం ఏం చేసిందయ్యా అంటే, చాలావరకు ఆపే పని చేసింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వయర్డ్ అని పడుతుంది. వాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే క్లియరెన్స్ కావాలి. ఆ పాస్‌పోర్ట్ ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండితేనే క్లియరెన్స్ ఇస్తారు, మగవాళ్లకు ఆ షరతు లేదు. జగిత్యాల నుంచి 21 ఏళ్ల అబ్బాయి వెళ్లొచ్చు, రాజంపేట నుంచి 29 ఏళ్ల ఇద్దరు పిల్లల తల్లి వెళ్లకూడదు. 2016లో ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి ఆడవాళ్లను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలన్నారు, మనకు ఆంధ్రాలో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ప్రైవేటు ఏజెంట్ల దగ్గర మోసపోతున్నారనే కారణం నిజమైనదే, నేను ఆ ఏజెంట్లను వెనకేసుకురావడం లేదు. కానీ ఇంట్లో అప్పు ఆగదు కదా. ఆమె విజిట్ వీసా మీద వెళ్తుంది, లేదా వయసు పెంచి పాస్‌పోర్ట్ చేయించుకుంటుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి వయసు 24, పాస్‌పోర్ట్‌లో 32. అక్కడ జీతం ఎగ్గొట్టారు. ఎంబసీకి వెళ్లమ్మా అంటే, ‘వయసు సంగతి బయటపడితే నన్నే లోపలేస్తారేమోనండీ’ అంది. రక్షణ కోసం పెట్టిన రూలు ఆమె ఫిర్యాదుకే అడ్డుపడింది. సరైన దారిలో వెళ్లలేదు కాబట్టి 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఆమెకు లేదు.

ఇక్కడ ఆంక్షలు ఎత్తేయాలా వద్దా అని మాలో మాకే పెద్ద వాదన ఉంది. నా అభిప్రాయం నేను సూటిగా చెప్తాను: వయసు షరతు ఎత్తేయాలి, దాని బదులు కాంట్రాక్టు తెలుగులో చేతికివ్వాలి, వెళ్లేముందు ట్రైనింగ్ మండలంలోనే జరగాలి, ఊళ్లో తిరిగే సబ్-ఏజెంటుకు బాధ్యత అంటగట్టాలి. ఆడమనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ అని ఒప్పుకుంటే ఇక మన డిపార్ట్‌మెంట్ బోర్డు తీసేయొచ్చు.

ఇంకో మాట. కువైట్‌ను అడిగే ముందు మన అపార్ట్‌మెంట్ల సంగతి చూడాలి. ఇంటిపని వాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ 2011 జూన్ 16న 189వ ఒడంబడిక చేసింది, ఫిలిప్పీన్స్ మరుసటి ఏడాదే ఒప్పుకుంది, మనం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఇంటిపని వాళ్ల కోసం దేశవ్యాప్తంగా ఒక చట్టం లేదు, దాని సంగతి చూడ్డానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో మన ఇంట్లో పనిచేసే ఆవిడకు వారానికో సెలవు ఇస్తున్నామా? ఇక్కడ చేతులెత్తొద్దు, ఇంటికెళ్లాక అమ్మానాన్నలతో మాట్లాడండి చాలు.

సరే, కెరీర్. మన దేశంలో విమెన్స్ స్టడీస్ పాతదే. 1974లో స్త్రీల స్థితిగతులపై కమిటీ రిపోర్టు వచ్చింది, అదే ఏడాది ముంబైలో ఎస్ఎన్‌డీటీ మహిళా యూనివర్సిటీలో మొదటి పరిశోధన విభాగం మొదలైంది, 1982లో జాతీయ అసోసియేషన్, 1985లో మన హైదరాబాద్‌లో అన్వేషి పరిశోధన కేంద్రం. తిరుపతి మహిళా యూనివర్సిటీ 1983లోనే వచ్చింది. లెక్చరర్ పోస్టులకు రాసే నెట్ పరీక్షలో ఇది విడి సబ్జెక్టుగా ఉంది. ఇంత ఉన్నా పర్మనెంట్ పోస్టులు తక్కువ. చాలా సెంటర్లు ప్లాన్ నిధుల మీద నడిచినవి, 12వ పంచవర్ష ప్రణాళిక అయిపోయిన 2017లో నిధులు ఆగిపోతాయేమోనని దేశమంతా సెంటర్ల వాళ్లు టెన్షన్‌తో గడిపారు. కాంట్రాక్టు జీతాలు నెలలు నెలలు ఆలస్యమైన రోజులు నాకు తెలుసు. అందుకని ఇంకో కాలు గట్టిగా ఉంచుకోండి: ఎకనామిక్స్ కానివ్వండి, లా కానివ్వండి, స్టాటిస్టిక్స్ కానివ్వండి. ఎన్ఎస్ఎస్, పీఎల్ఎఫ్ఎస్ లాంటి సర్వేల యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో ఇంటి జవాబులు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, డౌన్‌లోడ్ చేసి స్వయంగా లెక్కలు వేయడం నేర్చుకోండి. వలస మీద జరిగే మీటింగుల్లో అంకెలు తెలిసినవాళ్లు మాట్లాడినప్పుడు ఆఫీసర్లు పెన్ను తీస్తారు.

అంకెలతో పాటు ఫీల్డ్. ఇంటికెళ్తే మీరు ఆవిడను అడుగుతారు, అత్తగారు జవాబు చెప్తారు. కోపం తెచ్చుకోవద్దు, అత్తగారి జవాబు కూడా రాసుకోండి, కానీ ఆవిడతో విడిగా మాట్లాడే వీలు కల్పించుకోండి. రేవు దగ్గర, పొలం దారిలో, ఆస్పత్రి లైన్లో. కువైట్‌లో ఉన్న కూతురితో మాట్లాడాలంటే రాత్రి ఇమో యాప్‌లో కాల్ వచ్చే టైముకు వెళ్లి కూర్చోవాలి, ఆ టైములోనే సేటు ఇంట్లో పనయ్యి ఫోను చేతికొస్తుంది. ‘ఎందుకు వెళ్లారు’ అని ఒక్క ప్రశ్నతో ఆపొద్దు. వెళ్లకముందు ఏం పని చేసేవారు, వెళ్లాలని ముందు ఎవరన్నారు, వచ్చిన డబ్బు ఎవరి అకౌంట్లో పడింది, ఈ మూడూ అడిగితే కథ మొత్తం మారిపోతుంది. ఆమె జీతం మొగుడి అకౌంట్లో పడ్డ ఇళ్లలో, తిరిగొచ్చాక ఆమెకు ఇంట్లో ఎంత మాట చెల్లుతుందో చూడండి.

పరిశోధన చేసేవాళ్లు ఉద్యమం చేయకూడదు, నిష్పాక్షికత పోతుంది అని మీకు తప్పకుండా చెప్తారు. ఇంటర్వ్యూ మధ్యలో ఒక తల్లి, ‘మా అమ్మాయి ఫోను నెల రోజుల్నించి కలవట్లేదండీ’ అని ఏడిస్తే రికార్డర్ ఆపి, పాస్‌పోర్ట్ నంబరు, యజమాని అడ్రసు, బతాకా నంబరు తీసుకుని విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. 2015 నుంచి ఆ పోర్టల్ ఉంది, ఊళ్లలో చాలామందికి తెలీదు. నేను పెట్టుకున్న నియమం ఏంటంటే, ఎవరికి సాయం చేశానో వాళ్ల ఇంటర్వ్యూ నా శాంపిల్‌లో వాడను. మీ అమ్మాయిని వెతికిపెట్టిన మనిషి ఏదైనా అడిగితే కాదనలేరు కదా, అలాంటప్పుడు ఇచ్చిన అంగీకారం అంగీకారం కాదు. ఇలా చేస్తే మంచి మంచి ఇంటర్వ్యూలు పోతాయి, థీసిస్ ఆలస్యమవుతుంది, గైడ్ అడుగుతారు. అయినా సరే ఈ నియమం మాత్రం సడలించను.

ప్రమోషన్లకు ఈ పని లెక్కలోకి రాదు. జర్నల్‌లో పేపరు వస్తే పాయింట్లు, ఊళ్లో ఫిర్యాదు రాస్తే పాయింట్లు లేవు. రెండూ చేయాలంటే రాత్రులు కూడా పని పడుతుంది, ఇంట్లో వాళ్లు సర్దుకోవాలి. ఇది తెలిసి రండి. వచ్చాక ఒంటరిగా చేయొద్దు, లాయర్లు, తిరిగొచ్చిన ఆడవాళ్లు, విలేకరులు, అందరినీ కలుపుకోండి. ముఖ్యంగా తిరిగొచ్చినవాళ్లు. వీసా కాగితం చూడగానే మోసమో కాదో వాళ్లు చెప్పినంత త్వరగా నేను కూడా చెప్పలేను.

వచ్చే నెల అమలాపురం దగ్గర కాగితాలు చదివిపెట్టే క్యాంపు పెడుతున్నాం. కువైట్‌కి వెళ్లబోయేవాళ్లు కాంట్రాక్టులు తెస్తారు, వాళ్ల పక్కన కూర్చుని లైను లైనూ తెలుగులో చెప్పాలి, అరబ్బీ భాగానికి ఒక మౌల్వీ గారు వస్తానన్నారు. తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు కావాలి, ఫిర్యాదులు రాయడానికి. బస్సు చార్జీలు ఇస్తాం, అంతకుమించి ఇవ్వలేం. రాగలిగినవాళ్లు మీ సీఆర్ దగ్గర పేర్లు రాయించండి. ఇక మీరు అడగండి, ఎవరు ముందు?